బియ్యం డబ్బాలోని పానా

హాంబర్గ్ నగరంలో ఒక మూడో అంతస్తు ఫ్లాటులో కాపురముంటున్న, కొల్లాబత్తుల వరదానం గారి భార్యనైన, అరవై మూడేళ్ళ లీల అనే నేను స్వహస్తంతో రాసి పెడుతున్న వీలునామా ఇది. నాకు మతి చక్కగా ఉంది. ఒంట్లో రోగం లేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, చెయ్యి పట్టుకుని రాయించలేదు. చావు దగ్గరపడిందన్న భయంతో రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను. కోపంలో ఉన్న మనిషికి స్థిమితం ఉండదని ఎవరైనా కోర్టులో వాదిస్తే, ముందు ఈ ఇంట్లో ఒక్క చలికాలం గడిపి వచ్చి అప్పుడు వాదించమనండి.

దీనికంతటికీ కారణం ఒక్కటే. నా మనవడు ఆషర్ చలికాలంలో వెచ్చని గదిలో పడుకోవాలి. వాడికింకా ఏడాది నిండలేదు. కింద రాసిన ప్రతి కలమూ ఆ పని కోసమే. మధ్యలో నా ఏడుపు కూడా కలుస్తుంది, చదివేవారు ఓర్చుకోవాలి.

ఈ దేశంలో వీలునామా మొత్తం సొంత చేత్తో రాసి సంతకం పెడితే చాలట, సాక్షులు అక్కర్లేదట. అయినా ఇద్దరిని పిలిచాను. సాక్షి లేని ఆడదాని మాటను మా ఇంట్లో ఎప్పుడూ మాటగా లెక్కపెట్టలేదు.

1. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితురాలు అలివేలుమంగకు అప్పగిస్తున్నాను. కొడుకూ కూతురూ ఉండగా పరాయి మనిషెందుకని అడిగేవారికి నా జవాబు ఇది. ఆమె, నేను ఒకే కీటా, అంటే పసిపిల్లల బడి, వంటింట్లో ఏళ్ళతరబడి పసిపిల్లలకు వండి పెట్టాం. నవంబరు వచ్చిందంటే నేను అదనపు గంటలు అడిగి మరీ చేసేదాన్ని. జీతం కోసమనుకుని మా ఆయన నన్ను మెచ్చుకున్నారు. జీతం కోసం కాదు. ఆ పొయ్యి దగ్గర నిలబడితే నా వేళ్ళు వంగేవి. ఆ సంగతి నేను చెప్పకుండానే కనిపెట్టిన మనిషి అలివేలుమంగ ఒక్కతే. వరంగల్ ఆవిడ, మొహమాటం తెలీదు. ఈ కాగితం రాయాలా వద్దా అని నేను నాన్చుతుంటే, "రాయి వదినా. నానబెడితే పప్పు నానుతది గని పని గాదు" అంది.

2. మేము ఉంటున్న ఫ్లాటు రిజిస్టరులో మా దంపతులిద్దరి పేర చెరిసగం ఉంది. అందులో నా సగాన్నీ, కింది కలాల్లో చెప్పిన ఖర్చులు పోగా బ్యాంకులో నా పేర మిగిలే సొమ్మునూ నా కోడలు ఫెలిషాకు దాన విక్రయాది సమస్త హక్కులతో రాసి ఇస్తున్నాను. నా కొడుకు కృపాల్‌కు కాదు, కృపాల్ భార్యకు. పొరపాటు పడ్డానని ఎవరూ దిద్దవద్దు. ఆమె దాన్ని అద్దెకిచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, లేదా ఏ డిసెంబరులోనైనా పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చి తలుపు తీసుకుని ఉండిపోవచ్చు. ఈ సగం నా పేర ఉందని ఇల్లు కొన్ననాడే నాకు తెలుసు. దాంతో ఏం చెయ్యవచ్చో మాత్రం ఈ మధ్యనే తెలిసింది.

చట్టం ప్రకారం కట్టుకున్నవాడికీ కన్నబిడ్డలకీ ఎంత వద్దన్నా కొంత వాటా ఇచ్చి తీరాలట. దాన్ని వారు డబ్బు రూపంలో అడిగి పుచ్చుకోవాలట. అడగదలిస్తే ఫెలిషాను అడగాలి. ఆ ముఖం ఉంటే అడగనివ్వండి.

3. నా భర్త వరదానం గారికి ఇంట్లో ఉన్న తెల్ల ప్లాస్టిక్ మూతలన్నీ చెందుతాయి.

అవేమిటో తెలియనివారి కోసం రాస్తున్నాను. ఇక్కడ ప్రతి గదిలో కిటికీ కింద ఇనప హీటరు ఉంటుంది. దాని పక్కనున్న నాబ్ తిప్పితే వేడినీళ్ళు పారి గది వెచ్చబడుతుంది. ఈ ఇంట్లో దిగిన మొదటి అక్టోబరులోనే ఆయన నాబ్‌లన్నీ ఊడదీసి, కొత్త ఇళ్ళు కట్టేటప్పుడు తాత్కాలికంగా పెట్టే ప్లాస్టిక్ మూతలు తెచ్చి, వేడినీళ్ళు పారకుండా, చేత్తో తిరగనంత గట్టిగా పానాతో బిగించారు. నాబ్‌లు బీరువాలో, బీరువా తాళంచెవి ఆయన జేబులో. ఇంజనీరు కదా, పని శుభ్రంగా చేశారు. "మనం నరసాపురం నుంచి ఇంత దూరం వచ్చింది గోడలకి వెచ్చదనం పెట్టడానికా లీలా? దేవుడు స్వెటర్లిచ్చాడు, ఏసుకోండి" అనేవారు.

పొదుపుకు నేను శత్రువును కాను. సాయంత్రం కొట్టు మూసేవేళ సగం ధరకిచ్చే రొట్టె కొన్నదాన్ని. పాత చీరలు రెండు పొరలుగా కుట్టి కిటికీలకు తెరలు కట్టినదాన్ని. తలుపు కింద సందులోంచి గాలి కొట్టకుండా గుడ్డముక్కలు కూరిన పొడుగు దిండ్లు చేసినదాన్ని. అన్నం వార్చిన గంజి పారబొయ్యకుండా ఉప్పేసి పిల్లలకు వేడివేడిగా తాగించినదాన్ని. నా పొదుపులో పిల్లలు వణకలేదు. ఆయన పొదుపులో అన్నం కంచం ముందు జాకెట్లు వేసుకుని కూర్చున్నారు. మా అమ్మాయి ఈవా స్నేహితురాలొకతె వచ్చి, కోటు విప్పకుండా కూర్చుని, మర్నాడు బడిలో అందరికీ చెప్పింది. ఆ తరవాత ఈవా మరెవర్నీ ఇంటికి పిలవలేదు.

నేను నోరు మూసుకుని పడి ఉన్నానని ఎవరూ అనుకోవద్దు. అరిచాను. అన్నం మానేశాను. ఫలితం లేక, ఒక పానా కొని బియ్యం డబ్బాలో అడుగున దాచాను. ఆయన ఆఫీసుకు వెళ్ళగానే పిల్లల గదిలో మూత వదులు చేసేదాన్ని. వాళ్ళు బడినుంచి వచ్చి కాళ్ళు కాచుకునేవారు. ఆయన వచ్చే వేళకు మూత బిగించి, ఇనుము చల్లారడానికి తడిగుడ్డలు కప్పేదాన్ని. ఎందుకంటే ఆయనకొక అలవాటు. గుమ్మంలోకి వస్తూనే, బూట్లు విప్పకముందే, వెళ్ళి హీటరు మీద అరచెయ్యి పెట్టేవారు. చల్లగా ఉంటే అప్పుడు పిల్లల తలలు నిమిరేవారు. గోరువెచ్చగా తగిలితే ఆ పూట ఇంట్లో ఎవరితోనూ మాట ఉండదు. ఆయన రిటైరై పగలంతా ఇంట్లోనే ఉండటం మొదలయ్యాక నా పానాకు పని లేకుండా పోయింది.

ఆయన దుర్మార్గుడని రాయలేను. ఈవాకు ఎనిమిదో ఏట జ్వరం వచ్చి పళ్ళు టకటకలాడుతుంటే, తన దుప్పటి తీసి బిడ్డమీద కప్పి, తాను చొక్కాతో కూర్చుని తెల్లారేదాకా వణికారు. మూత మాత్రం తియ్యలేదు. ఇదంతా ఎందుకోసమండీ అని అడిగితే "రేపటికి" అనేవారు. ఆ రేపు వచ్చేసింది, పిల్లలు వెళ్ళిపోయారు, ఆయన ఇంకా రేపటికే దాస్తున్నారు.

ఆయన తన సగం ఇంట్లో, తన గదిలో, బతికినంత కాలం ఉండవచ్చు. ఆ గది మూత ఆయన ఇష్టం. మిగిలిన గదుల మూతలమీద నా తదనంతరం ఆయనకు ఏ హక్కూ లేదు.

4. మా కింది అంతస్తులో ఫ్రావ్ పీటర్సన్ అనే ముసలావిడ ఉండేది. కీళ్ళనొప్పుల మనిషి, ఇంట్లో ఎప్పుడూ ఎండాకాలంలా వేడి పెట్టుకునేది. ఏటా బిల్లు వచ్చినప్పుడల్లా మెట్లమీద నన్ను ఆపి, తన ఒక్కదానికి ఇంత ఎలా అవుతోందని అడిగేది. నాకూ తెలియక అయ్యో అనేదాన్ని. మూడేళ్ళ కిందట శరదృతువులో ఆవిడ పోయింది. ఆ చలికాలమంతా కింది ఫ్లాటు ఖాళీగా పడి ఉంది. మా ఇంట్లో నేలమీద కాలు పెడితే జివ్వుమనేది. తాగేనీళ్ళ గ్లాసు పట్టుకోలేకపోయాం. వరదానం గారు బిల్డింగు వ్యవహారాలు చూసేవారికి ఫోను చేసి, మీ గొట్టాలు పాడయ్యాయి, మా ఇల్లు ఉన్నట్టుండి చల్లబడిపోయింది, వెంటనే బాగుచెయ్యండని గద్దించారు.

మనిషి వచ్చాడు. గొట్టాలు చూశాడు, మూతలు చూశాడు, స్వెటరు మీద స్వెటరు వేసుకున్న మమ్మల్ని చూశాడు. "గొట్టాలకేం కాలేదు. ఇన్నాళ్ళూ కిందావిడ వేడే మీకూ సరిపోయింది. ఇప్పుడావిడ లేదు. మీరసలు హీటరు వేసుకోరా?" అని అడిగి వెళ్ళిపోయాడు. సొమ్మొకడిది సోకొకడిది. మా ఆయన గొప్పగా చెప్పుకున్న పొదుపు ఆ ముసలావిడ పింఛనులోంచి వచ్చింది. నాకు ఆ రోజు తల ఎత్తాలనిపించలేదు. ఆయన మాత్రం "తెలిసి చేశామా ఏంటి" అని స్వెటరు గుండీలు పెట్టుకున్నారు.

ఇక్కడ సమాధి జాగా కూడా అద్దెకే. గడువు తీరాక ఎవరూ కట్టకపోతే రాయి తీసేస్తారు. ఆవిడకు నా అన్నవాళ్ళు లేరు. అందుచేత ఫెలిషాకు చేరకముందే, నా బ్యాంకు సొమ్ములోంచి ఫ్రావ్ పీటర్సన్ సమాధి అద్దె ఇంకొక గడువుకు కట్టాలి. చలిలో కూడా పూసే మొక్కలు తెచ్చి దానిమీద నాటాలి. దీన్ని దానమని ఎక్కడా రాయవద్దు.

5. మా తెలుగు ఫెలోషిప్ సంఘానికి ఒక పని అప్పగిస్తున్నాను. ప్రతి జనవరి ఒకటిన ఆరాధనలో సాక్ష్యాలు చెప్పించడం మన ఆనవాయితీ. ఒకరు ఉద్యోగం వచ్చిందని, ఒకరు వీసా వచ్చిందని, ఒకరు గండం గడిచిందని లేచి చెబుతారు. నా భర్త ఏటా లేచి, దేవుని కృపవల్ల ఈ ఏడు కూడా మా ఇంట్లో హీటింగ్ ఖర్చు లేదని చెబుతారు. సంఘమంతా స్తోత్రం అంటుంది. ఫ్రావ్ పీటర్సన్ సంగతి తెలిసిన ఏడాది కూడా లేచారు, అదే చెప్పారు. అందరూ స్తోత్రం అన్నారు. నేను అనలేదు. కొత్తగా పెళ్ళై వచ్చిన కుర్రాళ్ళు ఆరాధన అయ్యాక ఆయన చుట్టూ మూగి, ఆ మూతలు ఎక్కడ దొరుకుతాయి అంకుల్ అని అడిగి ఫోనుల్లో ఎక్కించుకున్నారు. వాళ్ళ భార్యలు టీ కప్పులు పట్టుకుని దూరంగా నిలబడ్డారు.

నేను పోయాక వచ్చే మొదటి జనవరి ఆరాధనలో, సాక్ష్యాల సమయంలో, ఈ వీలునామా నాలుగో కలం గట్టిగా చదివి వినిపించాలి. నా సాక్ష్యం అదే. సాక్షి సంతకం చేసేముందు ఈ మాట చదువుతారని తెలిసే రాస్తున్నాను, సంఘ కాపరి ఇస్సాకు అయ్యగారూ. చదవండి.

6. నా కూతురు ఈవాకు నా గాజులు, నా కుట్టుమిషను, చీరలతో కుట్టిన తెరలు, ఇంకా ఒక బియ్యం మూట. ఆ మూట ఏమిటో దానికి తెలుసు. పెనంమీద వేడిచేసి పక్కలో దాని కాళ్ళదగ్గర పెట్టేదాన్ని, కాళ్ళతో తంతూ నిద్రపోయేది. "మమా, మియర్ ఇస్ట్ కాల్ట్" అనేది. చలేస్తోందన్న మాట దానికి తెలుగులో కంటే ముందు జర్మనులో వచ్చింది, ఎందుకంటే జర్మనులో అంటే వాళ్ళ నాన్న పట్టించుకుంటారేమోనని ఆశ.

ఈవా ఈ ఊళ్ళోనే ఉంటుంది. మా ఇంటికి మే నెల తరవాత వస్తుంది, సెప్టెంబరులో మానేస్తుంది. క్రిస్మసుకు నేనే దాని ఇంటికి వెళతాను. జనవరిలో కిటికీ తెరిచి, హీటరు నిండా పెట్టి, పొట్టి చేతుల చొక్కాతో తిరుగుతూ ఉంటుంది. అదీ తప్పే తల్లీ, ఆ కిటికీ మూసుకో. కానీ ఆ తప్పు నీకెక్కడ అంటిందో నాకు తెలుసు గనక నిన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు.

7. నా కొడుకు కృపాల్‌కు నా కీర్తనల పుస్తకం, వాడి చిన్నప్పటి ఉన్ని టోపీ. ఇంతే.

కారణం రాస్తున్నాను, వాడు చదవాలి. కృపాల్ క్లాస్తాల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నాడు. కొండ మీది ఊరు, హాంబర్గ్‌లో వాన పడితే అక్కడ మంచు పడుతుంది. మొన్న జనవరిలో ఆషర్‌కు దగ్గు తగ్గడం లేదని ఫెలిషా ఫోను చేస్తే వెళ్ళాను. తలుపు తీసిన పిల్ల భుజాల చుట్టూ దుప్పటి ఉంది. పిల్లవాడు ఇంట్లోనే టోపీ పెట్టుకుని ఉన్నాడు. లోపలికి వెళ్ళి కిటికీ కింద చూశాను. తెల్ల మూత.

ఉయ్యాల మంచం జరిపి చూస్తే వెనక గోడ నల్లగా బూజు పట్టి ఉంది. చల్లని గదిలో బట్టలారేసి, వేడి బయటికి పోతుందని కిటికీలు మూసి పెడితే ఆ తడి ఎక్కడికి పోతుంది? గోడలోకి పోతుంది, అక్కణ్ణుంచి పసివాడి రొమ్ములోకి పోతుంది. ఇంజనీర్ల ఇళ్ళలో ఇది చెప్పడానికి నేను కావలసి వచ్చింది.

ఫెలిషా నెమ్మదస్తురాలు, రాజమండ్రి పిల్ల. నాకు టీ ఇచ్చి, పక్కన కూర్చుని, "అత్తయ్యగారూ, మావయ్యగారు కూడా ఇంతేనంట కదండీ. మరి మీరేం చేసేవారండీ?" అని అడిగింది. జవాబు నా నాలిక చివర ఉంది. అప్పుడే తాళం తిరిగింది. కృపాల్ లోపలికి వచ్చాడు. భుజాలమీద మంచు దులుపుకున్నాడు. పిల్లవాడు వాణ్ణి చూసి చేతులు చాచాడు. కృపాల్ బూట్లతోనే బిడ్డను దాటుకుని వెళ్ళి, హీటరు మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. అప్పుడు వచ్చి బిడ్డను ఎత్తుకున్నాడు.

కృపాల్, చిన్నప్పుడు మీ గదిలో నేను తడిగుడ్డలు కప్పుతున్నప్పుడు నువ్వు నా పక్కనే నిలబడి బకెట్టు పట్టుకునేవాడివి. నాన్న వస్తున్నాడు త్వరగా అమ్మా అనేవాడివి. నువ్వు నా వైపు మనిషివని ఇన్నేళ్ళూ అనుకున్నాను. చలి నీకూ తెలుసు, తెలిసి కూడా నీ బిడ్డకు పెట్టావు. మీ నాన్నను క్షమించినంత తేలిగ్గా నిన్ను క్షమించలేకపోతున్నాను. ఆ టోపీ నీ తలకు పట్టదు, అయినా దగ్గర పెట్టుకో.

8. నన్ను దహనం చేయకూడదు. ఇక్కడ అదే చవక గనక ఎవరు ముందుకొచ్చి సలహా ఇస్తారో నాకు తెలుసు. సమాధి చెయ్యాలి. జాగా మధ్యాహ్నం ఎండ పడే వైపు చూడాలి. పెట్టెలో నాకు ఉన్ని సాక్సులు తొడగాలి, అది అలివేలుమంగ స్వయంగా చూడాలి.

9. నా కోడలు ఫెలిషాకు పైన రాసినవి కాక నా పానా.

అమ్మా ఫెలిషా, ఆ రోజు నువ్వడిగినదానికి జవాబు ఇది. మూతను పానాతో పట్టుకుని ఎడమవైపుకు తిప్పు. మొదట రాదు, మీ ఆయన వాళ్ళ నాన్నలాగే గట్టిగా బిగిస్తాడు. రెండో చెయ్యి కూడా వెయ్యి. వదులయ్యాక గొట్టంలో నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది, కంగారుపడకు. కాసేపటికి ఇనుము పైభాగం వెచ్చబడుతుంది, తరవాత కింద. పూటకోసారి కిటికీ బార్లా తెరిచి, కాసేపుంచి మూసెయ్యి. తడిగుడ్డలు మాత్రం కప్పవద్దు. నేను కప్పాను, నువ్వు కప్పవద్దు.

ఇంత రాశాక ఆలోచించాను. వీలునామా అంటే నేను పోయాక తెరిచేది. మా అమ్మ ఎనభై దాటి బతికింది. నేనూ అంత బతికితే ఆషర్‌కు మీసాలొచ్చాక ఈ పానా అందుతుంది. వాడి దగ్గు నా చావుదాకా ఆగదు. కాబట్టి ఈ తొమ్మిదో కలం నా తదనంతరం కాదు, రేపటినుంచే అమల్లోకి వస్తుంది. వీలునామాలో ఇలాంటిది చెల్లదని అలివేలుమంగ అంది. చెల్లకపోతే మానె. రేపు ఉదయం రైలుకు టికెట్టు కొన్నాను, పానా చేతిసంచిలో పెట్టుకున్నాను. చలి వదిలేదాకా క్లాస్తాల్‌లోనే ఉంటాను. కృపాల్ బిగిస్తే నేను విప్పుతాను. వాడికి ఉద్యోగముంది, పోవాలి. నాకు వేరే పని లేదు.

మూడో కలం కూడా ఇవాళే అమలు చేశాను. వరదానం గారు నిన్న హానోవర్ వెళ్ళారు. అక్కడి తెలుగు సంఘంవారు చలికాలపు పొదుపు మీద మాట్లాడమని పిలిచారు. ఆయనకు చెందవలసిన మూతలన్నీ విప్పి, తుడిచి, ఆయన బల్లమీద వరసగా పెట్టాను. పొద్దుటినుంచి ఇంట్లో అన్ని హీటర్లూ పనిచేస్తున్నాయి. నా వేళ్ళు బాగా వంగుతున్నాయి. ఈ చేతిరాత వంకర లేకుండా ఉన్నది అందువల్లే, దీన్ని నా మతి స్థిమితానికి రుజువుగా తీసుకోవచ్చు.

రేపు సాయంత్రం ఆయన వస్తారు. బూట్లు విప్పకముందే వెళ్ళి అరచెయ్యి పెడతారు. కాలుతుంది, చూసుకోండని హీటరు పైన చీటీ అంటించాను.

హాంబర్గ్, 2026 ఫిబ్రవరి 7, శనివారం.

(సంతకం)
కొల్లాబత్తుల లీల

సాక్షులు, ఈ ఇంట్లో మొదటిసారిగా కోట్లు విప్పి కూర్చుని సంతకాలు చేసినవారు:

అలివేలుమంగ
ఇస్సాకు, సంఘ కాపరి